కంగారు వీపు పైన రాజు ముఖం

అడిలైడ్ ప్రయాణం ఎలా జరిగిందని సిడ్నీలోని మా కెల్లీవిల్‌లో స్నేహితులు అడిగినప్పుడల్లా ఫోన్ తీసి ఫోటోలు చూపించేవాణ్ణి. హే మైదానంలో సూర్యాస్తమయం, రోడ్డు పక్కన ఈము పక్షులు, మాసన్ లేక్స్‌లో ఆంటీ పెరట్లో ఏపుగా పెరిగిన గోంగూర. "సూపర్ రోడ్ ట్రిప్ అండీ, ఈస్టర్ హాలిడేస్‌కి మేమూ ప్లాన్ చేస్తాం" అన్నారు అందరూ. తప్పకుండా వెళ్ళవలసిన దారే. ఆ ఫోటోల మధ్యలో ఒక పాత పెన్నీ నాణెం ఫోటో కూడా ఉంది. దాని దగ్గరికి రాగానే వేలితో గబుక్కున పక్కకి తోసేసేవాణ్ణి. ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

సిడ్నీ దాటాక

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. పుట్టింది తెనాలి దగ్గర, సగం జీవితం గడిచింది సిడ్నీలో. పాత నాణేలు పోగుచెయ్యడం నా పిచ్చి. ఈ పిచ్చి సంగతి తెలిసే అడిలైడ్ నుంచి ఇందిరా ఆంటీ కబురు పెట్టారు. ఆవిడ నా భార్య సుజాతకు దూరపు బంధువు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కి మారుతున్నారు. ఏళ్ళ తరబడి కొని డబ్బాల్లో పడేసిన నాణేలను విడదీసి సర్దిపెట్టడానికి సాయం కావాలన్నారు.

విమానంలో రెండు గంటలు. "ఎన్నిసార్లు చూస్తాం మబ్బులు? కార్లో వెళ్దాం, లోపలి దేశం నేనెప్పుడు చూశాను?" అంది సుజాత.

యాస్ అనే ఊరు దాటాక ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. చెట్ల కింద బల్లలు, శుభ్రమైన కుళాయి. మన హైవేల మీద ఇంత మంచి చోటుంటే పక్కనే నాలుగు టీ బంకులు వెలిసేవి. ఇక్కడ గాలి తప్ప ఏమీ లేదు. పక్క బల్ల దగ్గర కారవాన్ లాక్కుని తిరుగుతున్న వృద్ధ దంపతులు. మన వైపు ఆ వయసులో కాశీ యాత్రకు బస్సెక్కుతారు, వీళ్ళు ఇంటినే కారు వెనక తగిలించుకుని నెలల తరబడి దేశం చుట్టేస్తారు. మా పులిహోర రంగు చూసి పెద్దావిడ ముచ్చటపడితే సుజాత ఒక ప్లేటులో పెట్టి ఇచ్చింది. ఆవిడ మొదటి ముద్దలోనే ఎండుమిరపకాయ నమిలేసింది.

"సారీ, సారీ! దట్ ఈజ్ నాట్ ఫర్ ఈటింగ్" అంటూ సుజాత నీళ్ళ సీసాతో పరుగెత్తింది.

"మరి అన్నంలో ఎందుకు వేశారు?" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని మిగతాదంతా తిన్నది.

హే

నరాండెరా దాటాక భూమి చదునైపోతుంది. చెట్లు పొట్టివవుతాయి, తర్వాత ఉండవు. చుట్టూ ఎటు చూసినా అంచు కనిపిస్తుంది, పళ్ళెం మధ్యలో నిలబడినట్టు. సాయంత్రానికి మర్రంబిడ్జీ నది ఒడ్డున ఉన్న హే అనే ఊరు చేరాం.

పల్లె మోటెళ్ళకు ఒక పద్ధతి ఉంది. తాళంచెవితో పాటు చిన్న పాల డబ్బా చేతిలో పెడతారు. "ఫుల్ క్రీమా, స్కిమ్మా?" అని అడిగింది యజమానురాలు మార్గరెట్, అది మనిషి గుణం తెలుసుకునే ప్రశ్న అన్నంత గంభీరంగా. పొద్దున్న టిఫిను గోడలో ఉన్న చిన్న తలుపులోంచి లోపలికి తోస్తారు. మనకు వాళ్ళు కనిపించరు, వాళ్ళకు మనం కనిపించం. ఎవరో దేవతలు టోస్టు పంపినట్టు ఉంటుందని సుజాత నవ్వింది.

నేను నాణేలు పోగుచేస్తానని మాటల్లో తెలిసి మార్గరెట్ చెప్పింది: "రేపు పొద్దున్న ఊరి హాల్లో స్వాప్ మీట్ ఉంది. నాణేలు, స్టాంపులు, పాత సీసాలు తెచ్చి ఇచ్చిపుచ్చుకుంటారు. చూసి వెళ్ళండి. కెన్, డగ్ ఇద్దరూ వస్తారు. మా ఊరి కవలలు వాళ్ళు."

"కవలలా?"

"కాదు. బడిలో ఒకే బెంచీ. ఇప్పటికీ విడిపోలేదు."

హాల్లో

హాలు బయట సాసేజ్‌లు కాలుస్తున్నారు. మేం మాంసం తినమంటే ఒక పెద్దాయన బ్రెడ్డు ముక్కలో వేయించిన ఉల్లిపాయలు, సాసు వేసి ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. లోపల పొడుగు బల్లలు, నలభై మంది దాకా జనం. భారతీయులం మేమిద్దరమే. సిడ్నీ నుంచి ఒక నాణేలాయన వచ్చాడని అప్పటికే మార్గరెట్ చెప్పేసింది కాబోలు, ఒక్కొక్కరే నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఇది చూడండి, అది చూడండి అంటున్నారు. చూసి రెండు మాటలు చెప్తే తలలూపుతున్నారు. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను గాని ఇలాంటి గదిలో నేను మాట్లాడుతుంటే చుట్టూ మూగి వినడం అదే మొదటిసారి. ఆ పొద్దున్న నాకెంత బాగుందో చెప్పలేను.

అప్పుడొచ్చాడు కెన్. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో పొగాకు డబ్బా. దాన్లో దూది మీద ఒక పెన్నీ. ఒకవైపు రాజు తల, రెండోవైపు గెంతుతున్న కంగారు. కంగారు వీపు పైన ఖాళీ జాగాలో సన్నగా, నీడలా మనిషి ముఖపు గీత: నుదురు, ముక్కు, గడ్డం.

"రాజుగారి దెయ్యం" అన్నాడు కెన్ నవ్వుతూ. "మా ఆవిడ జోన్ పోయినప్పుడు డగ్ ఇచ్చాడు. వాళ్ళ నాన్న దాచుకున్నదట. ఇది అచ్చులు ఢీకొన్న పెన్నీ అంటాడు. నిజమేనా?"

అలాంటివి ఉంటాయి. నాణెం చేసేటప్పుడు రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళ పెట్టి కొడతారు. ఎప్పుడైనా బిళ్ళ పడకపోతే రెండు అచ్చులూ నేరుగా ఢీకొంటాయి. అప్పుడు రాజు అచ్చులోని ముఖపు అంచు కంగారు అచ్చు మీద లీలగా పడుతుంది. ఆ తర్వాత ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ నీడ ఉంటుంది. నాణేలవాళ్ళు దీన్ని క్లాష్ అంటారు. దీనికి దొంగ పద్ధతి కూడా ఉంది. రెండు నాణేలను ఎదురెదురుగా పెట్టి, వర్క్‌షాపుల్లో ఇనుము బిగించే వైస్‌లో గట్టిగా నొక్కితే ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద పడుతుంది. ఈ దొంగ గుర్తుల గురించి కిందటి నెలే సిడ్నీలో మా మిత్రులకు ఒక ప్రసంగం చేసి చప్పట్లు కొట్టించుకున్నాను.

పెన్నీని కిటికీ వైపు ఎత్తి చూశాను. ముఖం మరీ స్పష్టంగా ఉంది. అంత స్పష్టంగా ఉండదే అనిపించింది. అంతే. చుట్టూ జనం ఎదురుచూస్తున్నారు.

"ఇది వైస్‌లో నొక్కి చేసింది" అన్నాను. అక్కడితో ఆగలేదు. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు."

ఎవరో నవ్వారు. "డగ్‌కి గరాజ్ ఉండేదిగా. వైస్ ఇప్పటికీ ఉందిగా!" అన్నారింకెవరో. తర్వాత తెలిసింది, డగ్ ఊరందరినీ ఆటపట్టించే మనిషని. ఒకసారి కెన్ టోపీలో బతికున్న పీతను పెట్టాడట. అలాంటి కథలు ఆ ఊరినిండా ఉన్నాయి. అందుకే నా మాట అక్కడ అంత తేలిగ్గా అతుక్కుంది.

టీ పాత్ర దగ్గర నిలబడిన పొడుగాటి మనిషి మెల్లగా దగ్గరికొచ్చాడు. అతనే డగ్. నావైపే చూస్తూ అడిగాడు: "నీకు ఖాయంగా తెలుసా, మేట్?"

"ఖాయంగానే" అన్నాను.

కెన్ నవ్వు ఎక్కడికి పోయిందో. డబ్బా మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, పడలేదు. "జోన్‌ని పూడ్చిన రోజు ఇచ్చావు నాకిది" అన్నాడు డగ్‌తో.

"మా నాన్నదే అది, కెన్."

"ఆ రోజు కూడా నీకు ఆటేనా? నువ్వేం మనిషివో జోన్ ముందే చెప్పేది. నేనే వినలేదు."

కెన్ డబ్బా అక్కడే వదిలేసి, కర్ర పొడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. డగ్ ఆ డబ్బా తీసి జేబులో పెట్టుకుని రెండో గుమ్మంలోంచి వెళ్ళాడు. నేను అక్కడున్నవాళ్ళకు వైస్ గుర్తుల గురించి ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాను. వాళ్ళు ఒక్కొక్కరే బల్లల వైపు తిరిగిపోయారు.

సరిహద్దు

కారు ఊరు దాటింది. సుజాత నెమ్మదిగా అంది: "ఏమండీ, మీరు మ్యాగ్నిఫయర్ తీయలేదు కదా?"

"అవసరం లేదు. ఇలాంటివి ఎన్ని చూశాను!"

"జేబులోనే ఉంది. తీస్తే బాగుండేది."

"నాకు తెలియదంటావా?" అన్నాను గట్టిగా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మిల్డూరా చుట్టూ ద్రాక్షతోటలే. మామూలుగా అయితే పది చోట్ల ఆపమనేది. ఒక్కచోటా అడగలేదు.

దక్షిణ ఆస్ట్రేలియాలోకి పళ్ళూ కూరగాయలూ తీసుకెళ్ళకూడదు, పంటను పాడుచేసే పండు ఈగ వస్తుందని భయం. సరిహద్దులో అధికారి కారు ఆపి అడిగితే "ఏమీ లేవు" అన్నాను. వెనక డిక్కీలో టమాటాలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు ఉన్నాయని సుజాత చెప్పింది. అతను సంచీ తీసుకుని పెద్ద డబ్బాలో పడేశాడు. "చూడకుండా లేవని చెప్పకండి సార్" అన్నాడు, కోపం లేకుండా. ఆ మాట వేరే దేనికో తగిలింది. కారు ముందుకు నడిపాను.

మాసన్ లేక్స్

ఇందిరా ఆంటీ ఇంట్లో అడుగుపెట్టగానే గోంగూర పచ్చడి వాసన. "రండి రండి, డ్రైవ్ ఎలా అయింది? నువ్వు చిక్కిపోయావేంటే సుజీ?" అంటూ పెసరట్లు పోశారు. మాసన్ లేక్స్ అడిలైడ్ శివార్లలో ప్లాను గీసి కట్టిన పేట. చెరువు కూడా గీత పెట్టి తవ్వినట్టుంటుంది. సాయంత్రం చెరువు చుట్టూ నడిస్తే స్టూడెంట్ల గుంపుల్లో నాలుగు అడుగులకొకసారి తెలుగు వినపడింది. "అసైన్‌మెంట్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చాడురా" అని ఎవరో అంటుంటే నాకు గుంటూరు బస్టాండులో ఉన్నట్టనిపించింది.

మర్నాడు డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాం. పెన్నీలున్న డబ్బాను బల్ల మీద వంచాను. పాత పెన్నీలు, అరిగిపోయినవి, నల్లబడ్డవి. వేళ్ళతో విడదీస్తుంటే ఒకటి పైకి వచ్చింది. కంగారు వీపు పైన నుదురు, ముక్కు, గడ్డం.

ఈసారి భూతద్దం తీశాను. గీత చదునైన జాగాలోనే ఉంది. కంగారు ఒంటి దగ్గరికి రాగానే తెగిపోయి మళ్ళీ అవతల మొదలవుతోంది. అచ్చులో కంగారు ఉన్నచోటు గొయ్యి కాబట్టి అక్కడ రెండో అచ్చు తాకదు. వైస్‌లో నొక్కి ఉంటే ముందు నలిగేది కంగారు వీపే. వీపు మీద వెంట్రుకలతో సహా చెక్కు చెదరలేదు. నా ప్రసంగంలో నేనే బొమ్మ గీసి మరీ చెప్పిన సంగతులివి.

"ఏంటి బాబూ, మొహం అలా అయిపోయింది?" అన్నారు ఆంటీ.

"ఇది ఎక్కడ కొన్నారు ఆంటీ?"

"అబ్బా, ఎవరికి గుర్తు! ఇక్కడే ఏదో మార్కెట్లో, బల్క్‌లో. యూనిలో జాయినైన కొత్తలో."

సుజాత లేచి తన ఫోన్ తెచ్చింది. హాల్లో కెన్ మురిపెంగా చూపిస్తున్నప్పుడు ఆమె ఒక ఫోటో తీసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టాం. ముక్కు వంపు అదే. కంగారు తోక పక్కన అంచు దాకా వెంట్రుకంత గీత కూడా అదే. అచ్చుకు పడిన పగులు అది. రెండు నాణేలూ ఒకే అచ్చులో పుట్టాయి.

ఆంటీ ఊరుకోలేదు. "వెయిట్, ప్రూవ్ చేద్దాం" అని తన పెన్నీకి రెండువైపులా ఫోటోలు తీసి, రాజు వైపుది ట్యాబ్‌లో పెద్దది చేసి, వంటింట్లోంచి పల్చటి బేకింగ్ పేపర్ తెచ్చి ముఖం అంచు పెన్సిలుతో దిద్దారు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, అంతే పెద్దది చేసిన కంగారు ఫోటో మీద పరిచారు. రాజు ఎడమకు చూస్తాడు, తిప్పిన కాగితంలో కుడికి చూశాడు. గీత మీద గీత సరిగ్గా కూర్చుంది.

"పర్ఫెక్ట్ ఫిట్! జెన్యూనే ఇది" అన్నారు సంతోషంగా. మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయారు.

సుజాతే చెప్పింది జరిగినదంతా. నేను బల్ల మీది పెన్నీలను చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు" అన్న మాట ఆమె నోటివెంట వింటుంటే చెవులు కాలాయి.

"ఫోన్ నంబరుందా వాళ్ళది?" అన్నారు ఆంటీ.

"లేదు. మోటెల్ ఆవిడకి మెయిల్ పెడతాను. ఫోటోలు కూడా పంపి, ఆయనకి చెప్పమంటాను" అన్నాను. తిరుగు ప్రయాణం సముద్రం వెంబడి, మెల్‌బోర్న్ మీదుగా అనుకున్నాం. అక్కడ స్నేహితులు భోజనాలకు పిలిచారు.

"మెయిలా?" అంది సుజాత. "అన్నది అందరి ముందూ కదండీ."

ఆంటీ తన పెన్నీని ఒక చిన్న కవర్లో వేసి నా ముందు పెట్టారు. "తీసుకెళ్ళు. డబ్బాలో పడుంటే ఎవరికి లాభం" అన్నారు. మెల్‌బోర్న్ స్నేహితులకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఎందుకని అడిగితే కారులో ఏదో ప్రాబ్లం అన్నాను. నిజం చెప్పడానికి అప్పటికీ నోరు రాలేదు.

మళ్ళీ హే

మార్గరెట్ ఈసారి పాల గురించి అడగలేదు. కెన్ ఇల్లు ఎక్కడో చెప్పింది. "వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు" అని తాళంచెవి ఇచ్చింది.

కెన్ వరండాలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు. మెట్ల కింద నిలబడే చెప్పాను. నేను సరిగా చూడలేదని, ఆ పెన్నీ నిజమైనదేనని, దాని తోబుట్టువు ఇదిగోనని కవరు చాపాను. ఆయన దాన్ని అందుకోలేదు.

"ఎంతసేపు చూశావు ఆ రోజు?" అన్నాడు.

"చూడలేదు. చూసినట్టు నటించాను."

కెన్ వీధి వైపు తిరిగాడు. "నీతో నాకు అరగంట పరిచయం. వాడితో బడి నుంచీ. అయినా నేను నీ మాట విన్నాను." కర్ర వెతుక్కున్నాడు. "జోన్ వాణ్ణి ఒక్క మాట అనలేదు ఎప్పుడూ. అది నేను పుట్టించాను."

నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"వాడు ఈపాటికి క్లబ్‌లో ఉంటాడు. నా డ్రైవింగ్ లైసెన్సు తీసేశారు. తీసుకెళ్తావా?"

క్లబ్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ. హాల్లో చూసిన ముఖాలు చాలా ఉన్నాయక్కడ. నన్ను గుర్తుపట్టారు. డగ్ కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. కెన్‌ని చూసి గ్లాసు కింద పెట్టాడు.

అక్కడే నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఆ పెన్నీ నిజమైన క్లాష్. డగ్ చెప్పింది నిజం." వెనక ఎవరో ఫోర్కు కింద పెట్టిన చప్పుడు. పెన్నీనీ భూతద్దాన్నీ బల్ల మీద ఉంచాను.

డగ్ జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు. అది తన దగ్గరే పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. రెండు పెన్నీలనూ చేర్చి, భూతద్దం కంటికి ఆనించి, తొందర లేకుండా చూశాడు. తర్వాత ఆ భూతద్దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసుకున్నాడు.

"ఆ రోజు ఇది నీ చొక్కా జేబులో ఉంది. పైకి కనపడుతూనే ఉంది" అన్నాడు.

"ఉంది" అన్నాను.

"రైట్." భూతద్దం నా వైపు జరిపాడు.

కెన్ ఇంకా నిలబడే ఉన్నాడు. "జోన్ గురించి నేను అన్న మాట..."

"అన్నావు."

"అబద్ధం అది."

"తెలుసు నాకు. జోన్ నాకూ తెలుసు." డగ్ ఖాళీ గ్లాసును కెన్ వైపు తోశాడు. "ఈ రౌండ్ తాగించే వంతు నీది. పోయినవారంది కూడా నీదే."

కెన్ కర్ర ఊపుకుంటూ కౌంటర్ వైపు వెళ్ళాడు. మెల్లగా చుట్టూ మళ్ళీ మాటలు మొదలయ్యాయి. డబ్బాలో దూది మీద ఒకదాని పక్కన ఒకటి రెండు పెన్నీలున్నాయి. ఆంటీ పెన్నీ అక్కడే ఉండనివ్వమన్నట్టు సుజాత తలూపింది. నేను వెళ్ళొస్తానని చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. డగ్ కాలితో పక్కనున్న కుర్చీని బయటికి లాగి సుజాత వైపు చూశాడు.

"కూర్చోమ్మా. చాలా దూరం నుంచి వచ్చావు."

సుజాత నావైపు ఒకసారి చూసి కూర్చుంది. ఆ బల్లకు ఇంకో కుర్చీ ఉంది, అది కెన్‌ది. నేను నిలబడే ఉన్నాను.